ప్రొపెల్లరు మీద అడ్డగీతలు

పశువుల డాక్టరమ్మ పైలట్ పరీక్ష మూడోసారికి పాసైంది. అప్పటికామెకు నలభై ఒక్కేళ్ళు. రెండుసార్లు తప్పినప్పుడు ముసిముసిగా నవ్విన చుట్టాలే, మూడోసారి ఫోటో దిగడానికి ముందు వరసలో నిలబడ్డారు. ఇంట్లో పదో తరగతి గడప దాటిన మొదటి మనిషి ఆమె. పడవకు రెండు రోజులు పట్టే దీవుల దారిని తన పాత రెండు సీట్ల విమానంతో యాభై నిమిషాలకు కుదించింది. ఒకే పగలు రెండు దీవుల్లో మూడు ఆవులకు పురుడు పోసిన ఘనత ఆమెది. అన్నిటికంటే పెద్ద గొప్ప, ప్రయాణాలూ మరమ్మతులూ రాసే పదకొండేళ్ళ లాగ్‌బుక్‌లో పైలట్ పొరపాటు అన్న మాట ఒక్కచోటా లేకపోవడం. ఇంటికొచ్చినవాళ్ళకు పతకాల కంటే ముందు ఆ పుస్తకమే చూపించేది.

అన్నేళ్ళూ ఆ విమానాన్ని కంటికి రెప్పలా చూసుకున్నది ఒక ముసలి మెకానిక్కు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది. ప్రయాణానికి ముందు, షెడ్డులో నల్లబల్ల మీద ఆమె తిరిగొచ్చే తేదీని ఆయనే స్వయంగా రాసేవాడు. రాశాడంటే విమానానికి పూచీ పడ్డట్టే. బల్ల మీద తేదీ పడనిదే ఆమె సీటెక్కేది కాదు.

పోయిన నెల సుద్దముక్క పట్టుకున్న ఆ చెయ్యి వణికింది.

"ఇంక నా వల్ల కాదమ్మాయ్. నట్టు బిగించే చెయ్యి ఇట్లా తాళం వేస్తుంటే పైన నీ గుండె దరువెయ్యాలి. ఇంకొకళ్ళని చూసుకో."

ఆ తర్వాతొకసారి ఆమె బల్ల మీద తేదీ తానే రాసుకుని వెళ్ళొచ్చింది. మనసొప్పలేదు. కొత్త మెకానిక్కు కోసం కబురు పెట్టింది. ఇద్దరు వస్తామన్నారు.

మొదట వచ్చినాయన పెద్ద కంపెనీలో ఇరవయ్యేళ్ళు చేసిన ఇంజనీరు. గంటలో చూడటం ముగించి, చేతులు తుడుచుకున్నాడు.

"పెళ్ళికూతురిలా ఉంది మేడమ్ మీ విమానం! కళ్ళు మూసుకుని ఎక్కెయ్యండి."

"కళ్ళు మూసుకుంటే నడిపేదెవరయ్యా?" అన్నాడు మూల కుర్చీలోంచి బాబాయ్.

మర్నాడు ఉదయం రెండో మనిషి వచ్చింది. పొలాలకు మందు చల్లే విమానాల దగ్గర పనిచేసిన సన్నపాటి ఆడమనిషి. తోటివాళ్ళు ఆమెకు 'అనుమానం' అని పేరు పెట్టారట. ఆ పేరు చెప్పి తనే నవ్వింది.

డాక్టరమ్మకు ఆ రోజు నవ్వే తీరిక లేదు. దీవిలో పశువులకు గాలికుంటు రోగం సోకింది. నాలుగు వందల పశువులకు సరిపడా టీకా ఐసు పెట్టెలో ఉంది. ఐసు సాయంత్రం దాకే ఆగుతుంది; ఆలోగా టీకా దీవిలోని ఫ్రిజ్జుకు చేరాలి. పడవలో వేస్తే టీకా దారిలోనే నీళ్ళపాలు.

అనుమానం ఇంజను మూత తియ్యలేదు. లాగ్‌బుక్ అడిగి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ గడియారం చూసింది. షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. మళ్ళీ చూసింది.

"అది నవల కాదమ్మా, తొందరగా కానివ్వు."

"నవలైతే చివరి పేజీ ముందు చూసేదాన్నండీ."

పుస్తకం మూసి, ప్రొపెల్లరు దగ్గరికెళ్ళి, దాని రెక్క అంచు వెంట వేలితో మెల్లగా తడిమింది. కొసకు జానెడు ఇవతల వేలు ఆగింది.

"ఈ ఆకురాయి గీతలు ఎవరివి?"

డాక్టరమ్మ తన సంచి వైపు చూసింది. పోయిన వారం దీవిలో దిగేటప్పుడు రన్‌వే చివరి కంకరలోకి విమానాన్ని పోనిచ్చింది. రాయి ఎగిరి రెక్క అంచుకు గాటు పెట్టింది. తన పొరపాటే. పుస్తకంలో రాస్తే పదకొండేళ్ళ పేరుకు మచ్చ. అందుకని సంచిలో ఉన్న ఆకురాయితో, ఆవు గిట్టలు అరగదీసే ఆకురాయితో, తానే గాటును చదును చేసింది.

"ఇవి అడ్డగీతలు. అంచు వెంబడి నిలువుగా అరగదియ్యాలి. అడ్డంగా తీస్తే ఆ గీతలోంచే పగులు పుడుతుంది. రెక్క ముక్క గాల్లో ఊడిందనుకోండి, ఇంజను కూడా దాని వెంటే పోతుంది."

ముందురోజు ఇంజనీరు ఇదే రెక్కను తళతళా తుడిచి మెచ్చుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరికొచ్చి ఆ అంచును తానూ తడిమింది.

"నేనే," అంది. "గిట్టల ఆకురాయితో."

కుర్చీలోంచి బాబాయ్ లేచాడు. "అమ్మాయ్, అది ఆవనుకున్నావా?"

అనుమానం పనిముట్ల పెట్టె తెరిచింది.

"ఎర్రరంగు పూసి చూస్తానండీ. పగులుంటే ఈ రోజు మీరు వెళ్ళరు. ఎవరి పశువులు పోయినా సరే."

ముందు నున్నటి ఆకురాయితో గీతలన్నీ నిలువుగా తీసేసింది. రంగు పూసి, ఆగి, తుడిచి, పైన తెల్లపొడి చల్లింది. పగులుంటే లోపల దాగిన రంగు పొడి మీద ఎర్రటి వెంట్రుకలా తేలుతుంది. పది నిమిషాలు ఆగాలి. ఐసు పెట్టె కింద నీళ్ళ మడుగు పెద్దదవుతోంది. డాక్టరమ్మకు ఆ తెల్లటి పొడి తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు. ఒకచోట ఎర్రగా అనిపించి వేలు చూపించింది. అనుమానం భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"దుమ్ము," అంది.

పొడి తెల్లగానే ఉంది.

రెండో రెక్కనూ అలాగే చూసి, ఇంజను నడిపించి, అదురు లేదని తేలేసరికి రెండున్నరైంది. డాక్టరమ్మ పెట్టె ఎత్తబోయింది. అనుమానం లాగ్‌బుక్ తెరిచి ఆమె ముందు పెట్టింది.

"నేను చేసిన పని నేను రాశాను. మీరు చేసింది మీరు రాయండి."

పదకొండేళ్ళ పుస్తకం. డాక్టరమ్మ కలం మూత తీసి, పదహారో తేదీ వేసి, పైలట్ పొరపాటు అని మొదలుపెట్టి, కంకర, గాటు, గిట్టల ఆకురాయి, ఒక్కటీ దాచకుండా నాలుగు వరసలు రాసింది. చదువుకున్న రోజుల్లోలాగే గుండ్రటి అక్షరాలు. సంతకం పెట్టి తలెత్తింది.

"రేపటి నుంచి ఈ షెడ్డు నీదే. ఉంటావా?"

"మీరిలాగే రాస్తే ఉంటానండీ."

బాబాయ్ జేబులోంచి సుద్దముక్క తీసి అనుమానం చేతిలో పెట్టాడు. ఆమె విమానం చుట్టూ ఇంకొకసారి తిరిగొచ్చి, నల్లబల్ల మీద రాసింది:

తిరిగి రాక: పంతొమ్మిదో తేదీ, మధ్యాహ్నం మూడు గంటలు.