గూడ్స్ లిఫ్ట్‌ల నా బరువు

ఇంతవరకు నోరు తెరిచి ఎవ్వరికీ చెప్పని మాట: ఫిజిక్స్‌ల నాకంటే స్వప్ననే తోపు. ఇయ్యాల మార్కెట్ల ఇజ్జత్ పోయినంక గాని ఒప్పుకోలేదు చూడండి!

సూరత్‌ల ఒకే చీరల దుకాణంల పని చేస్తం ఇద్దరం. ఫోన్ల వీడియోలు చూసుకుంట, కలిసి పన్నెండో తరగతి పరీక్షకు చదువుతున్నం. పోయిన వారం లిఫ్ట్ లెక్క దగ్గర లడాయి అయింది. లిఫ్ట్‌ల నిలబడ్డ మనిషిని నేల ఎంత బలంతో పైకి నెడుతది? దాన్నే నార్మల్ ఫోర్స్ అంటరు.

"పైకి పోతే ఎక్కువ, కిందికొస్తే తక్కువ. గంతే!" అన్న నేను.

"ఎటు పోతుందన్నది కాదే, వేగం ఎట్ల మారుతుందో చూడాలె. పైకి పోయి ఆగేటప్పుడు తగ్గుతది" అన్నది స్వప్న.

"పోవే, పెద్ద సైంటిస్టువి!"

మూతి ముడుచుకొని పోయింది. అప్పటిసంది మాటల్లేవు, చదువూ లేదు. పరీక్షేమో నెత్తి మీదికొచ్చింది.

దాని మాట తప్పని చూపిద్దామని పక్కింటి ఆంటీ దగ్గర ముల్లు తిరిగే బరువు మిషన్ అడిగి తెచ్చిన; ముల్లు చూపేది ఆ నెట్టుడే కద. మార్కెట్ల సరుకులు మోసే గూడ్స్ లిఫ్ట్ ఖాళీగ దొరకంగనే అందుల పెట్టి, మీదెక్కి, బటన్ నొక్కిన.

లిఫ్ట్ కదలంగనే ముల్లు ఎగిరింది. "చూసినవా స్వప్నా!" అని ఒక్కదాన్నే అరిచిన. అంతల్నే మళ్ల నా మామూలు బరువే. ఇంకా పైకే పోతున్న కద, ఏందిది? పై అంతస్తు కాడ ఆగబోతుంటే ముల్లు సర్రున కిందికి! అబ్బ, ఎంత ముద్దుగ దిగిందో! మిషన్ లేకుండ, లిఫ్ట్ ఎక్కకుండ, ఉత్తగ ఆలోచించి చెప్పింది ఆ పిల్ల! కోపం మరిచి చప్పట్లు కొట్టిన: "తగ్గింది! వజన్ తగ్గింది!"

తలుపు తెరుచుకుంది. ఎదురుంగ మా సేఠ్, పక్కన చీరలు కొనొచ్చిన ఒక లావుపాటి ఆంటీ.

"అరే బెన్, ఆ శూ కరో ఛో?" ఇదేం చేస్తున్నవని సేఠ్ నోరెళ్లబెట్టిండు.

ఆంటీ మాత్రం 'వజన్' అన్న మాట పట్టుకొని, ఏ డైటింగని మెల్లగ చెవిల అడిగింది: "బేటా, కౌన్‌సా డైటింగ్?"

"లిఫ్ట్" అన్న. నోటికొచ్చింది మరి!

ఆమె చెప్పులు విడిచి మిషన్ ఎక్కనే ఎక్కింది. లిఫ్ట్ దిగుడు మొదలుకాంగనే ముల్లు తగ్గింది, ఆంటీ మొఖం వెలిగింది. కింద ఆగేటప్పుడు ముల్లు ఒక్కసారి పైకి లేచింది. ఆమె నన్ను చూసిన చూపు!

"క్యోఁ బఢా?" ఎందుకు పెరిగిందట!

జవాబు చూసిన గాని, సమజయ్యేటట్టు చెప్పుడు నాకేడ వస్తది? రేపు మళ్ల వస్తదట, జవాబు కోసం.

ఫోన్ చేతుల పట్టుకొనే ఇదంతా రాస్తున్న. ఆంటీకి సమజ్ చేసేది స్వప్ననే; ముందైతే పడీ పడీ నవ్వుతది. నవ్వనీ. దానికే ఫోన్ చేస్తున్న.