గోడకానుకొని పెళ్లిచూపులు

ఆ ముఠాకక్షల కాలంలో మా పులివెందుల, జమ్మలమడుగు పక్క ఒక మనిషి ఊరికే గాలి పీల్చుకోవడానికి బయటికి పోయినాడంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కొండెక్కితే ఎవరి రాకపోకలో కనిపెడుతున్నాడనేవాళ్లు, ఏటి ఇసకలో కూర్చుంటే ఎవరికోసమో కాచుకున్నాడనేవాళ్లు. నాకేమో చిన్నప్పటి నుంచి తిరుగుడు పిచ్చి. వానాకాలంలో మైలవరం డ్యామ్ గేట్లెత్తితే చూడల్ల, చలికాలంలో గండికోట లోయ అంచున కూర్చోవల్ల, ఎండాకాలంలో పెన్న ఇసకలో చెలమ తవ్వుకొని నీళ్లు తాగల్ల. ఏ కాలంలోనూ ఇంటిపట్టున ఉండింది లేదు. ఆ పిచ్చే నాకు పెళ్లి చేసిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనీ, వినండి.

సంబంధం తెచ్చింది మా మేనమామ. ఆయనకు పొద్దుటూరులో బట్టలంగడి. ఏ పార్టీవాళ్లయినా పెళ్లి చీరలకు ఆయన గుమ్మం తొక్కాల్సిందే కాబట్టి రెండు పక్కలా ఆయనకు చుట్టరికమే. చిక్కేమిటంటే, పిల్ల తరఫువాళ్లది జమ్మలమడుగు పక్క పల్లె, ఆ పార్టీ. మాది పులివెందుల పక్క, ఈ పార్టీ. మేము వాళ్ల ఊళ్లో కాలు పెట్టం, వాళ్లు మా ఊరి బస్సు కూడా ఎక్కరు. పొద్దుటూరులో కలుద్దామంటే నలుగురి కళ్లూ పడతాయి.

"ఒరే, నువ్వు తిరిగే చోట్లన్నీ ఏ పార్టీవిరా?" అన్నాడు మామ ఒకరోజు.

"ఏ పార్టీవీ కావు మామా."

"అయితే ఆడనే చూపులు."

మొదటిసారి వానాకాలంలో డ్యామ్ మీద. వాళ్లు ఆ కొసన, మేము ఈ కొసన, నడుమ గేట్ల నుంచి తెల్లగా లేచే తుంపర. ఆ తుంపరలోంచి పిల్ల కళ్లు చేపల్లా మెరిసినాయని స్నేహితులకు నెలరోజులు చెప్పుకున్నాను. (నిజానికి నాకు కనిపించింది ఒక నల్ల గొడుగు. దాని కిందున్నది వాళ్ల అవ్వ అని తర్వాత తెలిసింది.)

అందుకే చలికాలంలో గండికోట. పేరుకు వనభోజనాలు. మా పక్క నుంచి వంద మంది బయల్దేరినాము. (వంద కాదులే, ఒక జీపు పట్టినంత మంది.) వాళ్లదీ ఒక జీపు. లోయ అంచున, కోటగోడ నీడలో చాపలు పరిచినారు. తమాషా అక్కడ మొదలైంది. ఆ రోజుల్లో మా పక్క మగవాడు వెనక ఏముందో తెలియని చోట కూర్చోడు. హోటల్లోనైనా పెళ్లిలోనైనా వీపుకు గోడ ఉండాల్సిందే. మా వాళ్లు పోయి గోడకానుకున్నారు. వాళ్లూ వచ్చి అదే గోడకానుకున్నారు. ఎదురెదురుగా జరగవలసిన పెళ్లిచూపులు బస్సు కోసం కాచుకున్నట్టు ఒకటే వరస అయిపోయినాయి. ఈ కొసన నేను, ఆ కొసన పిల్ల, నడుమంతా మీసాలు.

పిల్లను చూడాలంటే ముందుకు వంగాలి. నేను వంగితే వాళ్ల చిన్నాయన వంగి నన్ను చూస్తాడు. ఆయన వంగినాడని మా పెదనాయన వంగుతాడు. చూస్తుండగానే వరసంతా వంగిపోయి ఒకరినొకరు కొరకొరా చూసుకుంటుంది.

"ఏందప్పా మీవోడు, ఊరికే వంగుతాండాడు?" అన్నాడు వాళ్ల చిన్నాయన.

"పిల్లను చూడల్ల గదప్పా!" అన్నాడు మామ.

"చెప్పి వంగమను. ఇట్ల తటుక్కున వంగితే మేమేమనుకోవల్ల?"

అప్పటి నుంచి మామ "వంగుతాండాడు!" అని కేకేసేవాడు, నేను వంగేవాణ్ణి. అంత చేసినా కనిపించింది ఒక గాజుల చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి సంగటి ముద్దకు నడుమ గుంట చేసి కూర పోసిన తీరు చూసి, ఈ సంబంధం తప్పితే నా బతుకింతేననుకున్నాను.

తప్పేట్టే ఉండింది. "ఇట్ల గోడకానుకొని ఎన్నాళ్లు చుట్టరికం చేస్తామప్పా, మనకు పొసగదు" అంటూ వాళ్ల చిన్నాయన తుండు దులిపినాడు. మా పెదనాయన చెప్పుల కోసం చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు లోయలో ధడేల్‌మని మోత. ఈ కొండ నుంచి ఆ కొండకు తగిలి, తిరిగొచ్చి, మళ్లీ మోత. నాటుబాంబే అనుకున్నారందరూ.

ఇక్కడ నా శౌర్యం చెప్పాలి. అందరూ నేలకు కరుచుకుంటే నేనొక్కణ్ణే లేచి, రొమ్ము విరుచుకొని పిల్లకు అడ్డంగా నిలబడినాను. ఊళ్లో ఇన్నేండ్లూ ఈ కథే చెప్పినాను, మా పిల్లల పెళ్లిళ్లలోనూ చెప్పినాను. ఇప్పుడు వయసైంది, నన్నెవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి వినండి: అందరికన్నా ముందు పండుకున్నది నేనే. పండుకోవడమేమిటి, పాక్కుంటా పోయి రేగుపొదలో తల దూర్చినాను. కాళ్లు మాత్రం బయట.

తల దగ్గర గాజుల చప్పుడైంది.

"లెయ్యప్పా. మేక రాయి దొర్లించింది, అంతే. కూర చల్లారిపోతాంది."

తల తిప్పి చూస్తే, ఎవరూ వంగే పని లేకుండా, పిల్ల మొదటిసారి పూర్తిగా కనిపించింది. చేతిలో నాటుకోడి కూర గిన్నె. చుక్క ఒలకలేదు. అవతల బండ అంచున మేక నెమరేస్తా మమ్మల్నే చూస్తాంది. రెండు పార్టీల మీసాలూ మట్టి దులుపుకుంటా లేస్తున్నాయి. అయిపోయింది, ఈ పిరికివాడికి పిల్లనెవరిస్తారు అనుకున్నాను.

అంతవరకు నోరు విప్పని వాళ్ల నాయన నా కాళ్ల వైపు చూసి పకపకా నవ్వినాడు. "అందరికంటే ముందు దూరినాడబ్బా ఈ పిల్లోడు!"

"ఏదో పసోడు..." అని మామ నసిగినాడు.

"పసోడు గాదప్పా. మా అన్న ఒకసారి దూరకుండా నిలబడినాడు. ఇప్పుడు మా వదిన ఒకతే ఉంది. నా బిడ్డకు ఇట్ల దూరేవోడే కావల్ల."

తర్వాత మా పెదనాయన పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. వాళ్ల చిన్నాయన కూర గిన్నె అందుకొని "తినండప్పా, శానా ఉంది" అని మా వాళ్లకు వడ్డించినాడు. ఎండాకాలంలో పెన్న ఇసక మీద కళింగర పండ్లు, అదే పుచ్చకాయలు, కోసుకొని తాంబూలాలు మార్చుకున్నాము.

ఆ రోజు మాతో సంగటి తిన్నవాళ్లలో కొందరు ఆ తర్వాతి ఏండ్లలో కక్షల్లో పోయినారు, రెండు పక్కలా. నేను మాత్రం ప్రతి చలికాలమూ ఆమెను కోటకు తీసుకుపోతున్నాను. ఇప్పుడక్కడ గుడారాలు, ఫోటోలు, లోయలోకి కాళ్లు వేలాడేసుకున్న పిల్లలు. మొన్న ఒక పిల్లోడు "తాతా, అప్పట్లో ఈడ మీరేం చేసేవాళ్లు?" అని అడిగితే, మీసం దువ్వి "పోరాడేవాళ్లం" అన్నాను. పక్కన ఆమె దగ్గింది.

పొదలో తల దూర్చిన ఆ పిల్లోడు ఇప్పుడు నాకెదురైతే, చొక్కాలో ముళ్లు ఒక్కొక్కటే తీసి, "ఇంకొంచెం లోపలికి దూరరా నాయనా" అంటాను.