పందిరిమంచపు పట్టెతో గిటారు మెడ

ఉద్యోగ విరమణ తరువాత, మా పెరటిలో కొబ్బరికాయలు పోసుకొనే కొట్టును నేను వడ్రంగశాలగా మార్చుకొన్నాను. తెలుగు పండితునికి ఉలితో ఏమి పని అని అడిగినవారికి, పద్యంలోనైనా కర్రలోనైనా అక్కరలేనిదానిని తీసివేయడమే కదా పని అని చెప్పేవాడిని. ఆ సమాధానానికి ఒక గిటారు మెడ గట్టి పరీక్షే పెట్టింది.

ఆ గిటారు మా పక్కింటి లెక్కల టీచరుగారిది. అమలాపురంలో ఒకే పాఠశాలలో ఏళ్లతరబడి కలిసి పనిచేశాము. చర్చి గాయకబృందంలో ఆవిడ వయస్సుకు పెద్ద, ఆకారానికి చిన్న. మా గోదావరి చెమ్మకు మెడ విల్లులా వంగి, తీగలు వేళ్లకు లొంగనంత ఎత్తుకు లేచాయి. నాటినుండి పాటలన్నిటికీ కీబోర్డే దిక్కయింది. ఈస్టరుకు కూడా గిటారు సిద్ధం కాకపోతే ఇకమీదట కీబోర్డుతోనే సరిపెట్టుకొందామని సంఘపెద్దలు మృదువుగా సెలవిచ్చారట. అంత మృదువుగా చెప్పడమే ఆవిడను ఎక్కువ నొప్పించింది.

కొత్త మెడ నేను చేసిపెడతానన్నాను. మా అటకమీద పాత పందిరిమంచపు పట్టె ఒకటి మిగిలి ఉంది. వీణలకు వాడే పనసకర్రే అది; వేలితో తట్టితే ఖంగుమనేది. మా ఆవిడకు మాత్రం నమ్మకం కుదరలేదు.

“ఇన్నేళ్లూ మీ గురక విన్న కర్రండీ అది. దానికి శ్రుతి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?” అంది.

ఫోనులో వీడియోలు చూసి పట్టెను కోశాను. మళ్లీ వంగకుండా నడుమ గాడి తీసి ఉక్కుకడ్డీ అమర్చాను. పైన మెట్లు బిగించిన పలక అతికించి, వెనుకభాగాన్ని చిత్రిక పట్టి గుండ్రం చేశాను. బాల్యంలో కొంత వీణ నేర్చినవాడిని కనుక, మఠం వేసుకొని మెడను ఒడిలో అడ్డంగా పెట్టుకొని వేళ్లు నడిపించి చూసుకొనేవాడిని. పరమ సుఖంగా ఉండేది.

తీగలు కట్టకముందే దానిని గిటారుకు తాత్కాలికంగా బిగించి టీచరుగారి చేతికిచ్చాను. ఆవిడ కుర్చీలో కూర్చొని, బొటనవేలిని మెడ వెనుక ఆనించి, తక్కిన వేళ్లు ముందుకు చాచారు. చివరి తీగ ఉండవలసిన చోటికి చిటికెనవేలు చేరనే లేదు. వీణకు వెనుకనుండి బొటనవేలు బిగించే పని లేదు. గిటారుకు అదే ప్రాణమన్న సంగతి నాకు తోచనేలేదు.

“మాస్టారూ, ఇది రోకలండీ. పాట పాడుకుంటూ కారం దంపుకోవచ్చు,” అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు గాని, గోడమీది క్యాలెండరు వంక ఒకసారి చూశారు.

ఎక్కడ ఎంత తీయాలో తెలియదు. లోతుగా తీస్తే గాడి బయటపడుతుంది. మరో పట్టె లేదు. తలుపుచట్రం బిగించేటప్పుడు వడ్రంగులు అతుకుకు జేగురు పూసి, రంగు అంటినచోట చెక్కడం చూసి ఉన్నాను. అరచేతికి ఏదైనా రంగు పూసుకొమ్మన్నాను. మా ఆవిడ వంటింట్లోనుండి పసుపు తెచ్చింది. టీచరుగారు పసుపు చేతితో ఒక పాటకు సరిపడా పట్లన్నీ పట్టారు. మెడను వెలుతురులో తిప్పి తిప్పి చూశాము. ఎక్కడా ఒక్క మచ్చైనా లేదు. పనసకర్ర కూడా పసుపుపచ్చనిదే కదా అని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మా ఆవిడ గడపమీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

తరువాత కొబ్బరిచిప్ప కాల్చిన బొగ్గు నూరాము. టీచరుగారు అది అరచేతికి పూసుకొని తీగలులేని గిటారుపై ఈస్టరు పాటలన్నీ నిశ్శబ్దంగా వాయించడం, నలుపు చిక్కగా అంటినచోట నేను గాజుపెంకుతో గీకడం, అదే వరుసలో చాలాసేపు సాగింది. చివరకు బొటనవేలి కింద ఒక్కచోట మాత్రం నలుపు మిగిలింది. సరిగ్గా గాడి ఉన్నచోటే.

“ఇంకొక్క పిసరు తీస్తారా అండీ?” అన్నారు.

ఊపిరి బిగబట్టి గీకాను. కర్ర నిలిచింది. ఆవిడ మళ్లీ పట్టుకొన్నారు. చిటికెనవేలు చివరిదాకా వెళ్లి ఆగింది. అదే పాట మళ్లీ మొదటినుండి వాయించుకొన్నారు.

ఈస్టరు వేకువ ఆరాధనకు మా ఆవిడా నేనూ వెళ్లాము. తొలిపాట గిటారుతోనే ఎత్తుకొన్నారు. కీబోర్డు వెనుకనుండి మెల్లగా కలిసింది. మా ఆవిడ నా చెవిదగ్గర, గురక బాగానే పలుకుతోందని అంది.

ఆరాధన ముగిశాక కీబోర్డు వాయించే ఆయన గిటారు అడిగి తీసుకొన్నాడు. ఆజానుబాహువు. ఆ సన్నని మెడమీద ఆయన వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి తగువులాడుకొన్నాయి. ఇది మరీ చిన్నదండీ అంటూ తిరిగి ఇచ్చేశాడు.

టీచరుగారు దానిని పమిటచెంగుతో తుడుచుకొంటూ, “ఆయ్, నా చేతికే చేసేరండీ,” అన్నారు.