ముల్హిమ్ మాస్టారి ముందస్తు చరమగీతాలు

ముల్హిమ్ మాస్టారికి ఒకటే జబ్బు. మనిషి బతికుండగానే అతని మీద చరమగీతం కట్టేవాడు. కట్టి ఊరుకోకుండా ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా వినిపించేవాడు.

లెబనాన్‌లోని మా షూఫ్ కొండల్లో ఆయన పాండిత్యం గురించి ఎవరికీ అనుమానం లేదు. బేరూతులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. మన ద్రూజు పెద్దలు పాడుకున్న పాత పద్యాలన్నీ ఏరి లావుపాటి పుస్తకాలు వేశాడు. వాటిని ఊళ్లో అందరూ గౌరవించారు, ఎవరూ చదవలేదు. చరమగీతాన్ని తప్పించుకోవడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఆయన చేతికర్ర చప్పుడు వినిపిస్తే యాపిల్ తోటల్లో మగవాళ్లు చెట్లెక్కేవాళ్లు.

"పోయాక చదవచ్చుగా మాస్టారూ, ఇప్పుడేం తొందర?" అని బతిమాలేవాళ్లు.

"పోయాక నువ్వెక్కడుంటావురా? ప్రాణం పోయిన ఆ నిమిషానే ఏ ఊళ్లోనో పురిటి మంచం మీద కేరుమంటూ ఉంటావు. పాలు తాగుతావా, నా పద్యం వింటావా?"

మన ద్రూజుల నమ్మకమే అది. ఇక ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు?

ఈ తద్దినమంతా మోసింది ఆయన అక్క అఫీఫె. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉండేవారు. తమ్ముడు ఎవరింట్లో చరమగీతం చదివొస్తే ఆ ఇంటికి ఆవిడ ఆప్రికాట్ మురబ్బా పట్టుకెళ్లి క్షమాపణ చెప్పుకునేది.

"మా ఆయన జ్వరంతో పడుకుంటే మీ తమ్ముడొచ్చి 'వెళ్లిపోయావా మహానుభావా' అని అందుకున్నాడు," అంది ఒకసారి రొట్టెలబట్టీ యజమాని భార్య హింద్. "ఈయన మంచం దిగి వీధిలోకి పరిగెత్తాడు."

"జ్వరం?"

"జ్వరం దిగిందనుకో. అయినా పద్ధతేనా అది?"

చావు పద్యం కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మాస్టారి పద్యాల్లో జరగని సంగతులు జొరబడేవి. ఖబ్లానుకీ, అతని అన్న నాయిఫుకీ తోటకు నీళ్లు పెట్టుకునే వంతు మీద తగాదా వచ్చి ఏళ్లు గడిచాయి. ఎదురుపడితే ఒకరు గోడనీ మరొకరు ఆకాశాన్నీ చూసుకునేవారు. ఆ ఖబ్లాన్ ముందు కూర్చుని, అతనిచ్చిన మాతే ఆకు కషాయాన్ని గొట్టంతో పీలుస్తూ మాస్టారు తీయగా చదివాడు, "అన్న వాకిట నిలిచి మాతే అందించిన మెత్తని మనసువాడా" అని.

"నేనెప్పుడిచ్చాను?" అన్నాడు ఖబ్లాన్.

"ఇవ్వలేదూ? అయ్యో. పద్యంలో పడిపోయిందే."

"తీసెయ్యండి."

"తీస్తే పద్యం మొత్తం కూలిపోతుంది నాయనా. నీకు వీలు చూసుకుని ఆ పని కాస్తా చేసెయ్యి, సరిపోతుంది."

"చెయ్యకపోతే?"

"నువ్వు పోయిన రోజు అన్ని ఊళ్ల పెద్దల ముందూ నేను అబద్ధం చదవాలి. నిన్ను దేవుడు కరుణించుగాక అని పలికేముందు మన మతపెద్దలు, షేకులు, నీమీద మనసులో ఏమైనా ఉందా అని మీ అన్న మొహం చూస్తారు. చూడనీ, నాకేం?"

ఖబ్లాన్ ఆలివులు ఏరే కాలందాకా పంతం పట్టాడు. తర్వాత ఒక పొద్దున మాతే బుర్ర పట్టుకుని అన్న వాకిట్లోకి వెళ్లి, గొట్టాన్ని నిమ్మతొక్కతో తుడిచి అందించాడు. నాయిఫ్ ఒక గుక్క పీల్చి, "చక్కెర ఎక్కువైంది," అన్నాడు. అన్నేళ్ల తర్వాత వాళ్ల మధ్య పడిన మొదటి మాట అది.

అఫీఫె మాత్రం తన పద్యం వినకుండా తప్పించుకు తిరిగింది. చివరికి ఒక చలికాలం పొయ్యి దగ్గర దొరికిపోయింది. తన మురబ్బా, తను మాడ్చిన పప్పు, అన్నీ వచ్చాయి. ముసిముసిగా నవ్వుకుంటూ వింటోంది. ఆఖరి పాదం వచ్చింది. "తమ్ముడు పోయిన రోజున ఆడవాళ్ల మధ్య కూర్చుని ఒక్కసారి నవ్వినదానా."

"నాకంటే చిన్నవాడివి. ముందు నువ్వెందుకు పోతావు? మార్చు," అంది.

"తీస్తే కూలిపోతుందక్కా."

చెయ్యి గుండె మీద రుద్దుకుంటున్నాడు. కొన్నాళ్లుగా అలాగే రుద్దుకుంటున్నాడని ఆవిడకి అప్పుడు తట్టింది. డాక్టరు ఏమన్నాడని అడగబోయి, అడగలేకపోయింది.

"అమ్మ పోయినప్పుడు అంత గొప్ప పద్యం చదివాను కదా. ఇంటికొచ్చాక నువ్వేమన్నావో గుర్తుందా?" అన్నాడు.

"అమ్మ విని ఉంటే బాగుండేదన్నాను."

"ఆ. అప్పట్నుంచీ అందరికీ ముందే వినిపిస్తున్నాను."

ఊరంతా వెర్రి అనుకున్నది తన నోటి మాట పట్టుకుని తమ్ముడు చేస్తున్న పని అని అఫీఫెకి తెలిసింది. లేచి పొయ్యిలో కట్టె తోసింది.

ఆప్రికాట్లు పూసే వేళకు ముల్హిమ్ మాస్టారు పోయాడు.

తెల్లని ముసుగుల ఆడవాళ్ల మధ్య, తమ్ముడి తల పక్కన కూర్చుంది అఫీఫె. వాడి పద్యాల్లోని అబద్ధాలన్నిటినీ ఊరివాళ్లు నిజం చేశారు. ఇక మిగిలింది తన పాదం ఒక్కటే. దాని సంగతి హింద్‌కి చెప్పుకుంది కూడా. నవ్వాలని చూసింది. నవ్వు రాలేదు. నావల్ల కాదురా తమ్ముడూ, నువ్వు అబద్ధాలకోరుగానే పో, అనుకుంది.

బయట మైకులో పొరుగూరి కవి అందుకున్నాడు. పాపం, ఆయనకి మాస్టారి పుస్తకాలు తెలుసు గానీ మనిషి తెలియదు. "ఓ మితభాషీ, అడగనిదే పెదవి విప్పనివాడా..."

కుర్చీలు కిర్రుమన్నాయి. మగవాళ్లకందరికీ ఒకేసారి దగ్గొచ్చింది. హింద్ ముసుగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరింటి గడపా పిలవనిదే తొక్కనివాడా..."

అఫీఫె ఇక ఆపుకోలేకపోయింది. కన్నీళ్లు కారుతుండగానే పైకే నవ్వేసింది. పొరుగూరి పెద్దావిడ ఒకామె విస్తుపోయి చూసింది.

"ఏమీ అనుకోకండి, ఇవాళ నవ్వాలని మాస్టారు ఆవిడ మీద కట్టిన పద్యంలో ఉంది," అంది హింద్ మెల్లగా.

షేకులు కరుణ పలికారు. ఖబ్లాన్, నాయిఫ్ శవపేటికకు ఒకే వైపు భుజం పట్టారు.

అందరూ వెళ్లాక హింద్ మాతే కలిపి అఫీఫె చేతికిచ్చింది. ఎదురుగా తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉంది. అఫీఫె ఒక గుక్క పీల్చింది.

"ఈపాటికి ఎవరింట్లోనో పుట్టేసి ఉంటాడు," అంది. "ఏడుపు మొదలెట్టి ఉంటాడు. ఆ తల్లికి ఇక మాట్లాడే వంతు రాదు, పాపం."