ఎడమవైపు తిరిగిన క్వయరు

ఫిబ్రవరి నెల, ఆఖరి శనివారం. హాజరైనవారు: పెదనాన్న (క్వయరు లీడరు), అక్క (ఆడవాళ్ళ గొంతులన్నిటికీ పెద్ద), బావ (తన గొంతుకి తనే పెద్ద), నేను (కార్యదర్శిని, మంద్రస్వరం), మిగతా క్వయరు, వ్యాను డ్రైవరు. రానివారు: టీచరమ్మగారు.

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ హాజరు వేసే అలవాటు ఉండేది. ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని కదా, నలుగురం కలిసి టీ తాగినా ఎవరెవరు వచ్చారో రాత్రి డైరీలో రాసుకుంటే గాని నిద్రపట్టేది కాదు. ఆ డైరీలన్నీ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. మా మనవరాలు వాటిని తాతయ్య సీసీ కెమెరాలు అంటుంది. ఈ మధ్య అది కారు నడపడం నేర్చుకుని నన్ను హైవే మీదకి తీసుకెళ్ళింది. వెనక వస్తున్న లారీని చూసి నేను రెండు చేతులతో మెడ పట్టుకున్నాను. ఎందుకు తాతయ్యా అని అడిగింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా క్వయరు సంగతి చెప్పాలి.

నర్సీపట్నంలో మా చర్చి క్వయరుకి పాట మొదలుపెట్టడం బాగా వచ్చు. హార్మోనియం మెట్టు నొక్కగానే అందరం ఒక్కసారే ఎత్తుకునేవాళ్ళం. పూర్తి చేయడమే రాదు. ఆఖరి ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి అందరి కళ్ళూ పెదనాన్న చేతి మీద ఉండేవి. ఆ చెయ్యి ఎప్పుడు ఆగిందో ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా కనబడేది. ముందు అక్క వాళ్ళు ఆపేవాళ్ళు, తరవాత నేను, ఆ తరవాత చాలాసేపటికి బావ. (బావ ఆఖరి స్వరాన్ని సాగదీస్తూ కిటికీ వైపు చూసేవాడు. కిటికీ పక్కన ఆడపిల్లల వరస ఉండేది.) పెదనాన్న తప్ప మా అందరికీ చిన్నప్పుడు మిషన్ స్కూల్లో పాట నేర్పింది టీచరమ్మగారే. మొదటి వరసలో కూర్చుని ఆదివారం ఆదివారం అదే మాట అనేవారు. "ఒక్కసారైనా ఆమేన్ కలిసి చెప్పండర్రా. దేవుడికి మనిషికొకటి ఎందుకు?"

ఆవిడ రిటైరయ్యారు. తునిలో చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నారు. ఆదివారం ఆరాధనలో వీడ్కోలు, అది కాగానే బస్సు. పెదనాన్న ఆవిడ కోసం సొంతంగా ఒక పాట కట్టారు. నెలరోజులు సాధన చేశాం. ఆవిడ వెళ్ళేలోపు ఒక్క ఆమేన్, ఒక్కటంటే ఒక్కటి, కలిపి చెప్పాలని అందరం గట్టిగా అనుకున్నాం. ఇక ఎప్పటికీ ఆవిడ మా పాట వినరు కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

సరిగ్గా ముందురోజు శనివారం యలమంచిలిలో పెళ్ళి. క్వయరు పాడాలి. పాడాం, తిన్నాం, మధ్యాహ్నం వ్యానులో బయలుదేరాం. అందరం పెళ్ళి బట్టల్లో ఉన్నాం. బావ కొత్త సఫారీ కుట్టించుకున్నాడు. వ్యాను డ్రైవరుది మాకవరపాలెం, మనిషి కాస్త షోకైనవాడు, ఎండున్నా లేకపోయినా నల్లకళ్ళద్దాలు తీసేవాడు కాదు. నర్సీపట్నం వైపు మళ్ళే అడ్డరోడ్డు ఇంకా రాలేదు. హైవేకి ఎడమపక్కన ఒక తోపుడుబండి మీద కొత్త స్టీలు బీరువాని నిలబెట్టి తీసుకెళ్తున్నారు. దాని తలుపుకి నిలువుటద్దం. ఆ అద్దం సరిగ్గా రోడ్డు వైపు తిరిగి ఉంది.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, అందరం ఒక్కసారే ఎడమవైపు తిరిగాం. అక్క జడలో పువ్వు చూసుకుంది. బావ కాలరు సవరించుకున్నాడు. ముందు సీట్లో ఉన్న పెదనాన్న, అప్పటిదాకా లోకాశల గురించి ఏదో చెబుతున్నవారు, ఆపి మీసం దువ్వుకున్నారు. నేను పాపిడి సరిగా ఉందా అని చూసుకున్నాను. డ్రైవరు కూడా చూసుకున్నాడు. అయితే వ్యాను ముందుకెళ్తే అద్దం వెనక్కి పోతుంది కదా, అందుకని బ్రేకు వేశాడు.

వెనక వచ్చే లారీ అప్పుడు మమ్మల్ని గుద్దింది. పెద్ద దెబ్బేం కాదు. వెనక డోరు లోపలికి పోయింది, దాని అద్దం రాలింది, హార్మోనియం సీటు కిందికి దూరింది. కాని మా తలలన్నీ ఎడమవైపు ఉండగానే ఒక్క ఊపు వెనక్కి, ఒక్క ఊపు ముందుకి ఊగాయి. రక్తం ఎవరికీ రాలేదు. అందరం దిగి రోడ్డు మీద నిలబడి మెడలు పట్టుకున్నాం. బీరువా బండివాళ్ళు ఒక్క క్షణం ఆగి, తమకేం సంబంధం లేదని తేల్చుకుని నెమ్మదిగా తోసుకుంటూ వెళ్ళిపోయారు.

తరవాత జరిగిన గొడవలో ఎవరూ బీరువా మాట ఎత్తలేదు. లారీ డ్రైవరు నడివయసు మనిషి, మా వ్యానే హఠాత్తుగా ఆగిందని, తను రెప్పవేయకుండా రోడ్డే చూస్తున్నానని అరిచాడు. మా డ్రైవరు వెనకనుంచి గుద్దినవాడిదే తప్పని, అది చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారని అన్నాడు. హెడ్ కానిస్టేబులుగారు వచ్చి, నువ్వెందుకు బ్రేకేశావని మావాణ్ణి అడిగారు.

"గేదె అడ్డొచ్చిందండి," అన్నాడు.

"ఏదీ గేదె?"

"ఎల్పోయిందండి."

హెడ్డుగారు పెదనాన్న వైపు చూశారు. అబద్ధమాడరాదని మాకు సండేస్కూల్లో నేర్పిన మనిషి ఆయన. అబద్ధం ఆడలేదు. ఆకాశం వైపు చూస్తూ, వాన వచ్చేలా ఉందన్నారు. (ఎండ మండిపోతోంది.) హెడ్డుగారికి ఏదో అనుమానం తగిలింది గాని, ముందు అందరూ ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోండి, సాయంత్రం స్టేషన్లో తేల్చుకుందాం అన్నారు. మా వ్యాను వెనక డోరుని తాడుతో కట్టుకుని ముందు నడిచింది. లారీ ఈసారి చాలా దూరంగా, చాలా మర్యాదగా వెనక వచ్చింది.

నర్సీపట్నం ఆసుపత్రిలో డాక్టరుగారు కుర్రవాడు. మమ్మల్నందరినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి కుడివైపు తిరగమన్నారు. ఒక్కరూ తిరగలేకపోయారు. ఎడమవైపు తిరగమంటే అందరం హాయిగా తిరిగాం. ఆయన అలాంటిది చదువులో ఎక్కడా చూడలేదు కాబోలు, నర్సుని పిలిచి చూపించారు. ఎముకలకేం కాలేదు, కండరాలు పట్టేశాయి, అసలు సంగతి రేపు పొద్దున్న తెలుస్తుంది, వారం రోజులు మెడని బలవంతం చేయకండి అని చెప్పారు. ఆ వరస చివర లారీ డ్రైవరు కూడా కూర్చున్నాడు. డాక్టరుగారు ఆయన్నీ కుడివైపు తిరగమన్నారు. ఆయన తిరగబోయి అబ్బా అని ఆగిపోయాడు. ఆయన మెడ కూడా ఎడమవైపే.

మా అక్క విశాఖలో నర్సు ట్రైనింగు చేసి వచ్చింది. ఆమెకి సంగతి ముందే అర్థమైంది. తల తిప్పలేక, ఎదురుగా వెళ్ళి నిలబడి నెమ్మదిగా అడిగింది.

"బాబాయ్, మీ రోడ్డు ఎడం పక్కనుందేటి?"

 ఆయన పెద్దమనిషి కదా, నవ్వేశాడు. "కొత్తగా రంగులేయించేనమ్మా లారీకి. అద్దంలో ఎలాగుందో సూద్దారనిపించింది."

మా డ్రైవరు నల్లకళ్ళద్దాలు తీసి, "గేదె లేదు బాబాయ్," అన్నాడు. ఆ ఒక్క మాటతో కేసు అయిపోయింది. ఎవరి బండి వాళ్ళు బాగు చేయించుకుంటామని ఇద్దరూ భుజం మీద చేతులు వేసుకుని స్టేషనుకి వెళ్ళారు. హెడ్డుగారు పుస్తకం మూసి, ఇక మీ ఇద్దరిలో మెడ తిరిగేవాడి బండిని ముందు నడవనివ్వండి అన్నారట.

సాయంత్రం పెదనాన్న ఇంటి అరుగు మీద అందరం చేరాం. పెద్దమ్మ ఉప్పు వేయించి గుడ్డమూటలు కట్టి వరసగా మెడల మీద కాపడం పెడుతోంది. పాస్టరుగారు పరామర్శకి వచ్చి మా వాలకం చూసి, రేపు పాట వద్దులెండి, ఇలాంటి పరిస్థితిని దేవుడు అర్థం చేసుకుంటాడు అన్నారు.

"దేవుడు చేసుకుంటాడండి," అన్నారు పెదనాన్న, "టీచరమ్మగారు చేసుకోరు."

అక్కడితో ఆ చర్చ ముగిసింది. బావ ఒక్కడే, మెడ లేకుండా పాట ఎలాగని గొణిగాడు. పాడేది మెడతో కాదు, లోపల గొంతుతో అని పెద్దమ్మ మూట ఇంకాస్త గట్టిగా నొక్కింది. పాడి తీరాలి, ఆమేన్ కలిపి తీరాలి. నేను కార్యదర్శిని కాబట్టి, ఎవరి తల ఎంత తిరిగి ఉందో చూసుకుని ఎవరు ఎక్కడ నిలబడాలో చర్చి నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి వచ్చాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి డాక్టరుగారు చెప్పిన అసలు సంగతి తెలిసింది. మెడలు కొయ్యబారిపోయాయి. తువ్వాళ్ళు చుట్టుకుని, ఎడమ భుజం మీదుగా లోకాన్ని చూస్తూ ఒక్కొక్కళ్ళం చర్చికి చేరాం. నా ఏర్పాటు ఏమిటంటే, ఒళ్ళు కుడిగోడ వైపు తిప్పి నిలబడితే ముఖాలు సరిగ్గా సంఘం వైపు వస్తాయి. వచ్చాయి కూడా. కాని నేను పెదనాన్నని మరిచిపోయాను. ఆయన మెడదీ అదే కథ కదా. ఆయన ఛాతీ మావైపు పెడితే ముఖం కిటికీ వైపు పోతోంది. ముఖం మావైపు తెస్తే చేతులు పాస్టరుగారికి తాళం వేస్తున్నాయి. నాలుగైదు రకాలుగా తిరిగి చూశారు. వెనక వరసల్లో పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. చివరికి ఆయన విసుగెత్తి మా వరసలోకి వచ్చి నా పక్కనే నిలబడిపోయారు. ఇక చూడటానికి చెయ్యి లేదు. ఉన్నా చూడలేం.

హార్మోనియం మెట్టు పలికింది. మా జీవితంలో మొదటిసారి పాట ఎత్తుకోవడం రాలేదు. బావ ముందే దూకాడు. అక్క వాళ్ళు సగం మాట తరవాత అందుకున్నారు. ఎవరితో కలవాలో తోచక నేను మొదటి పదం మింగేశాను. మొదటి వరసలో టీచరమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కనిపించింది. నా చెవులు వేడెక్కాయి. కాని ఆపే దారి లేదు. పక్కనున్న పెదనాన్న ఎప్పుడు ఊపిరి పీలుస్తున్నారో వింటూ నేనూ పీల్చాను. అవతల బావ ఊపిరి వినిపించింది. అది మాకోసం ఆగుతోంది. ఎప్పుడూ కిటికీ వైపు పోయే ఆ గొంతు, ఒంటరిగా మిగిలిపోతానేమోనని భయపడి, మా గొంతుల మధ్యకి వచ్చి నడిచింది. రెండో చరణానికి ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. ఆమేన్ దగ్గర అందరం కలిసి ఊపిరి తీసుకున్నాం. అన్నాం. కలిసి ఆపేశాం.

ఆపిన తరవాత వచ్చే నిశ్శబ్దం మాకు కొత్త. మాది ఎప్పుడూ తోక ఉన్న పాటే. చర్చిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆరాధన అయ్యాక టీచరమ్మగారు చేతిసంచి పట్టుకుని మా వరస దగ్గరికి వచ్చారు. మేం వంగి నమస్కారం పెట్టలేం, తలెత్తి చూడలేం. ఆవిడే ఒక్కొక్కరి ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడి పరీక్షగా చూశారు.

"ఆమేన్ కుదిరిందిరా," అన్నారు. "ఎత్తుకోడమే ఎవడి దారి వాడిది. ఇప్పుడు మళ్ళీ దానికోసం ఎన్నేళ్ళు ఉండమంటారు నన్ను?"

 చర్చి గేటు ముందే బస్సు ఆగింది. పెట్టె ఎక్కించాం, ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. మేమంతా రోడ్డు అంచున వరసగా నిలబడి చేతులు ఊపాం. బస్సు కదిలింది, కుడివైపుకి. మా మెడలు అటు తిరగవు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, క్వయరు క్వయరంతా కాళ్ళతో మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. బస్సు మలుపు చేరేసరికి మేమంతా రోడ్డుకి వీపులు పెట్టి, భుజాల మీదుగా ఆవిడని చూస్తూ, వెనక్కి చేతులు ఊపుతున్నాం.

ఆవిడ కిటికీలోంచి చూసి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడ్చారని అక్క అంటుంది. నవ్వు ఆపుకోలేకపోయారని బావ అంటాడు. ఇద్దరూ ముసలివాళ్ళయినా ఇంకా తేల్చుకోలేదు. నేనైతే ఆ పూట నవ్వారనే నమ్మాను. ఇరవైల్లో ఉన్నవాడు, ఒక్క ఆమేన్ కుదిరితే చాలు, వెళ్ళిపోయేవాళ్ళందరూ నవ్వుతూనే వెళతారనుకుంటాడు. తువ్వాలు చుట్టుకున్న మెడతో అంత ధీమాగా నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పుడు నాకు కాస్త ముచ్చటేస్తుంది.