నీళ్లు మరుగుతాయని ఎవరు చెప్పారు

సీ తిహామీకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ సంగతైనా సరే, అది తనకెవరు చెప్పారో, వాళ్లకెవరు చెప్పారో, ఆ చెప్పినవాళ్లకి ఇంకెవరు చెప్పారో మొదలంటా ఏకరువు పెడితే గానీ అసలు సంగతి ఆయన నోట్లోంచి ఊడిపడేది కాదు.

ఫెజ్ నగరంలోని పాత విశ్వవిద్యాలయంలో ఆయన రసాయనశాస్త్రం చెప్పేవాడు. సీ అంటే అక్కడ మన 'గారు' లాంటిది. నీళ్లు మరుగుతాయి అని చెప్పాలి, అంతే కదా. ఆయన కళ్లు మూసుకునేవాడు. "ఈ మాట నాకు మా గురువుగారు సీ మన్సూర్ చెప్పారు. ఆయనకి లియోన్‌లో చూపు మందగించిన ఒక పంతులు చెప్పాడు. ఆ పంతులికి వాళ్ల మేనమామ..." ఈలోగా బల్ల మీది గిన్నెలో నీళ్లు మరిగి, ఇగిరి, గిన్నె మాడి, ఆ కమురు వాసన వసారా దాకా కొట్టేది.

"ఉస్తాద్, నీళ్లు అయిపోయాయి," అనేవాళ్లు పిల్లలు.

"అయిపోతాయి నాయనా. అది కూడా సీ మన్సూరే చెప్పారు."

ఈ పేర్ల గొలుసు ఆయన సొంతంగా కల్పించుకున్నది కాదు. శతాబ్దాలుగా ఆ చోట స్తంభాల పక్కన చాపలు పరుచుకుని పాఠం చెప్పిన పెద్దలది ఆ ఆనవాయితీ. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పనివాడి పాఠం వాళ్లు వినేవారు కారు. చాపలు పోయి బల్లలొచ్చాయి, గాజు సీసాలొచ్చాయి, గ్యాసు పొయ్యిలొచ్చాయి. తక్కిన పంతుళ్లంతా హాయిగా గొలుసు వదిలేశారు. తిహామీ మాత్రం సీసాల మధ్య నిలబడి కూడా దాన్ని పట్టుకు వేళ్లాడాడు.

గేటు ముందు హమ్మాదీ టీ కొట్టులోనూ ఇదే వరస.

"చక్కెర ఎంత వెయ్యమంటారు సీదీ?"

"పెద్ద గడ్డే వెయ్యాలని మా అమ్మ చెప్పింది. అమ్మకి వాళ్ల పిన్ని చెప్పింది. ఆ పిన్నికి..."

"పిన్నిగారి దాకా వెళ్లొచ్చేసరికి టీ చల్లారిపోతుంది. రోజూ వేసేదే వేశాను, తాగండి."

బతూల్ అనే విద్యార్థిని చేరిన కొత్తలో అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ అమ్మాయే. ఆయన కళ్లు మూసుకున్నట్టు మూసుకుని, ఆ గొంతు అచ్చంగా దింపేసేది. అయితే ఒకరోజు తిహామీ చుక్కల్ని చూసి వేళ కట్టే పాత ఇత్తడి నక్షత్రయంత్రం ఒకటి తరగతికి తెచ్చాడు. దాన్ని పట్టుకునే పద్ధతి తనకి మినారు గదిలో నమాజు వేళలు లెక్కగట్టే ముసలాయన నేర్పాడన్నాడు. ఆయనకి ఎవరు, వాళ్లకి ఎవరు అంటూ వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు. ఆ పేర్లలో సుల్తానులు లేరు. ఆ యంత్రం పలక మీద గీతలు చెక్కిన కంసాలి ఉన్నాడు. కొడుకు లేక కూతురికి లెక్కలు నేర్పినవాడున్నాడు. చివరికి ఎడమచేతివాటం మనిషి అన్న గుర్తు తప్ప పేరే మిగలని ఒకాయన దగ్గర ఆగాడు తిహామీ.

"అంతకు ముందువాళ్లు నాకు దొరకలేదు. వాళ్లు నన్ను క్షమించాలి," అన్నాడు.

బతూల్‌కి వాళ్లంతా తన వెనకే వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆయన గొంతు దింపడం మానేసింది.

కుమ్మరుల వీధిలో కాల్చిన కుండల మీద ఫెజ్‌కి పేరు తెచ్చిన ఆ నీలం రంగు అంత చిక్కగా ఎలా వస్తుందన్నది బతూల్ పట్టుకున్న ప్రశ్న. బట్టీల దగ్గర కూర్చుని కనుబొమలు కాల్చుకుంది. బట్టీలో ఆలివ్ గింజలు వేసి కాల్చినప్పుడు వచ్చే పొగే ఆ రంగుని మారుస్తోందని ఎట్టకేలకు రుజువు చేసింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అనలేదు.

విభాగం పెద్ద డాక్టర్ బెర్రాదా సంబరపడిపోయాడు. రాజధాని రబాత్ నుంచి పెద్దలొస్తున్నారు, సభ పెడదామన్నాడు.

"నా పేరు చెబుతారా?" అని అడిగింది బతూల్.

"విభాగం కనిపెట్టింది అంటే నీకూ గౌరవమే కదమ్మా. విడివిడిగా పేర్లెందుకు?"

ఎందుకో బతూల్‌కి బాగా తెలుసు. ఆ ఏడాది ఉన్నది ఒక్క పరిశోధన ఉద్యోగం. అది ఎవరికివ్వాలో సభలో విన్నదాన్ని బట్టి రబాత్ పెద్దలే తేలుస్తారు. తన పేరు వినబడకపోతే అది బెర్రాదా మేనల్లుడికి పోతుంది. సభలో విద్యార్థులు నోరెత్తకూడదు. అందుకని తిహామీ దగ్గరికి పరిగెత్తింది.

"మీరైనా నా తరఫున మాట్లాడండి ఉస్తాద్."

"నేనేం మాట్లాడతానమ్మా, నాకు పేర్లు తప్ప ఏం తెలుసు?" అన్నాడాయన సీసాలు తుడుచుకుంటూ. బతూల్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

సభలో బెర్రాదా మేము కనిపెట్టాం, మేము శ్రమించాం అని దంచేశాడు. చప్పట్లు మోగాయి. బతూల్ వెనక వరసలో తల వంచుకుని కూర్చుంది. వయసులో పెద్దవాడైన పంతులు చివరి మాట చెప్పడం అక్కడి ఆచారం. బెర్రాదా గబగబా తిహామీ చెవి దగ్గరికి వంగాడు.

"మీ కాళ్లు పట్టుకుంటాను సీ తిహామీ, ఈ పూటకి గొలుసు వద్దు. వాళ్లు రైలు అందుకోవాలి."

"చిన్నదే చెబుతాను నాయనా. ఇంత చిన్నది నా జన్మలో చెప్పి ఉండను."

తిహామీ లేచి కళ్లు మూసుకున్నాడు. పిల్లలు అలవాటుగా గోడకి చేరగిలబడి సర్దుకున్నారు.

"ఆలివ్ గింజల పొగలోనే మన నీలం చిక్కబడుతుంది. ఈ సంగతి నేను బతూల్ లహ్లూ దగ్గర విన్నాను."

ఆగిపోయాడు. అందరూ తరవాతి పేరు కోసం ఎదురుచూశారు. ఆయన ఒక్క పేరుతో ఆగడం ఎవరూ ఎరగరు. రబాత్ నుంచి వచ్చిన ముసలాయన కూడా ఒకప్పుడు ఆ స్తంభాల దగ్గర చదువుకున్నవాడే, ఉండబట్టలేకపోయాడు.

"మరి ఆవిడ ఎవరి దగ్గర విన్నారు?"

"ఎవరి దగ్గరా వినలేదు. ఆవిడే మొదలు," అని తిహామీ కూర్చున్నాడు.

గొలుసుకి మొదలు అంటే ఎప్పుడో మట్టిలో కలిసిపోయినవాళ్లని అనుకునేవారంతా. అది ఇక్కడే, వెనక వరసలో, కాలిన కనుబొమలతో కూర్చుని ఉంది. ముసలాయన లేచి నిలబడి, "ఆ అమ్మాయిని నేను చూడాలి," అన్నాడు. ఆయన్ని చూసి తక్కినవాళ్లూ లేచారు. బెర్రాదా అందరికంటే ముందు లేచి, మా అమ్మాయే, మా అమ్మాయే అంటూ దారి చూపించాడు. ఉద్యోగం ఎవరిదో ఆ పూటే తేలిపోయింది.

బయటికొచ్చాక బతూల్ ఆయన్ని హమ్మాదీ కొట్టుకి తీసుకెళ్లింది.

"పేర్లు తప్ప ఏం తెలీదని నన్నెంత ఏడిపించారు ఉస్తాద్."

"నిజమే చెప్పాను కదమ్మా."

"నీకు చక్కెర ఎంత తల్లీ?" అన్నాడు హమ్మాదీ.

బతూల్ గొంతు సవరించుకుని కళ్లు మూసుకుంది. "పెద్ద గడ్డే వెయ్యాలని నాకు సీ తిహామీ చెప్పారు. ఆయనకి వాళ్లమ్మగారు చెప్పారు. ఆవిడకి వాళ్ల పిన్ని..."

"పిన్ని పేరు జోహ్రా. అది వదిలెయ్యకు," అన్నాడు తిహామీ.

హమ్మాదీ కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టి, పీట లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పటిదాకా ఒక్కరే. ఇప్పుడు ఇద్దరయ్యారు, ఇక నా వ్యాపారం సాగినట్టే. కానివ్వండి, జోహ్రా గారికి ఎవరు చెప్పారు?"