కుళాయికి చెప్పిన కలలు

నాకు ఆరో నెల నుంచి కలలు మొదలయ్యాయి. పూర్ణా మార్కెట్లో చింతపండు తూయించుకుంటుంటే తక్కెడలో రాళ్లకు బదులు నా బిడ్డ ఉండేది. పోర్టులో బొగ్గు మోసే బెల్టు మీద పొత్తిగుడ్డల్లో బిడ్డ వెళ్లిపోతుంటే, పక్కనే పరుగెత్తుతూ ఆపండని అరిచేదాన్ని. లేచాక మళ్లీ కన్ను మూయాలంటే భయమేసేది.

ఎవరికైనా చెప్పుకుంటే సగం భయం పోతుంది కదా. మా అత్తగారింట్లో అది కుదరదు. కడుపుతో ఉన్నదానికి చెడ్డ కల వస్తే ముందు పారే నీళ్లకు చెప్పాలట. ముందు మనిషి చెవిన పడితే నిజమైపోతుందట. వాళ్ల ఊళ్లో అయితే ఏరుంది. గాజువాక సందులో ఏరెక్కడిది? వీధి కుళాయి ఉంది, అదీ పదకొండైతే గాని రాదు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే మా ఆయన, అమ్మ చెప్పినట్టు చెయ్యరాదా అని తిని పడుకునేవాడు. నా గురించి ఆ కుళాయికి తెలిసినంత ఆయనకు తెలీదు. ఒళ్లు మండేది. రుషికొండలో కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసినదాన్ని, బిందెల మధ్య వంగి నీళ్లతో గుసగుసలాడేదాన్ని. చెప్పకపోతే ఏమవుతుందో అన్న భయం ముందు నా చదువు ఏ మూలకూ రాలేదు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున, టీ తాగగానే రోజూ తన్నే బిడ్డ తన్నలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. బెల్లం ముక్క తిన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు, లోపల ఉంటే ఫోను తియ్యడు. వంటింట్లోకి వెళ్లి "అత్తా, బిడ్డ" అన్నానో లేదో, చేపలు కడుగుతున్న ఆవిడ తడి చేత్తోనే నా నోరు మూసేసింది.

"నోటంట రానీకే. కుళాయొచ్చీదాకా ఆగు."

చెయ్యి తీశాక, ఇది కల కాదని చెప్పాను. కలకీ నిజానికీ తేడా తెలియని రోజులివి, తన కానుపులప్పుడూ ఇంతేనని, ముందు నీళ్లకు చెబితే బిడ్డ తనే కదులుతుందని అంది. ఆవిడ ఆగమంటే నేను ఆగానా? ఆగాను. అదీ నా తెలివి. పొట్ట మీద చెయ్యేసుకుని, ఇది కూడా కలేనేమో అనుకుంటూ మూడు గంటలు కూర్చున్నాను.

కుళాయి వచ్చింది. ఆడవాళ్లు బిందెలు జరిపి దారిచ్చారు. వంగి, నా బిడ్డ కదలడం లేదని చెప్పాను. ఆ మాట నా చెవినే పడింది. ఇంత మాట పట్టుకొచ్చి నీళ్లకా చెప్తున్నాను? వెనక్కి తిరిగి సందంతా వినేలా అరిచాను.

"ఇది కల కాదత్తా. బిడ్డ కదల్డం నేదు. నానెల్తన్నాను. వొస్తే రా, నేకపోతే మానీ."

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కి షేర్ ఆటో ఆపాను. అత్త పరుగున వచ్చి పక్కన కూర్చుంది. దారి పొడవునా నేను ఆవిడ మొహం చూడలేదు.

ఆసుపత్రిలో పొట్ట మీద మిషన్ పెట్టారు. గుండె కొట్టుకుంటోంది గాని, నీరసంగా కొట్టుకుంటోంది. ఎప్పటి నుంచి కదలడం లేదని డాక్టరమ్మ అడిగింది. ఇంతసేపు ఏం చేశావంటే కుళాయి కోసం చూశానని చెప్పనా? ఇందాకటి నుంచేనండీ అన్నాను.

అత్త నర్సును తోసుకుని ముందుకొచ్చింది.

"ఇందాక కాదు డాట్రమ్మా. పొద్దున్నే సెప్పింది. నానే ఇన్నేదు."

డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టే టైము కూడా లేదు. వెంటనే ఆపరేషన్‌కి తీసుకెళ్లమంది. పాప పుట్టగానే ఏడవలేదట. కాసేపటికి సన్నగా ఏడ్చింది. ఇప్పుడు బడికి వెళ్తోంది.

అత్త మీద కోపం పోయిందా అంటే, పోలేదు. ఆ మూడు గంటలు తలచుకుంటే ఇప్పటికీ ఆవిడతో అన్నం ముందు కూర్చోబుద్ధి కాదు. కానీ ఆ రోజు డాక్టరు ముందు నిజం చెప్పింది ఆవిడే. నవ్వుతారని, తిడతారని భయపడి, కడుపులో బిడ్డ ప్రాణం మీదికొచ్చిన వేళ అబద్ధమాడింది నేను. ఆవిడనంటే ఏదో ఒక రోజు కసితీరా తిట్టుకుంటాను. నన్ను నేనేం చేసుకోను?